కొత్త ఇంజిన్‌కు తొలి గంట: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం చవక ధరకు దొరికే గ్లో ఇంజిన్ల గురించే ఉన్నాయి. గ్లో ఇంజిన్ అంటే ఎగిరే నమూనా విమానాలకు బిగించే చిన్న ఇంజిన్, అందులో మిథనాల్ అనే ఆల్కహాల్‌ను గ్లో ప్లగ్‌లోని ఎర్రగా కాలే తీగ మండిస్తుంది. వాటిలో ఐదింటిని ఎంచుకున్నాను. తక్కువ ధరకు కొన్న ఇంజిన్ సరిగా నడవకపోతే తప్పంతా ధరదేనన్న అనుమానం అన్నిటిలోనూ కనిపించింది. నేను విప్పి చూసిన ఇంజిన్లలో పుట్టుకతోనే పాడైనవి చాలా తక్కువ. మొదటి గంటలో నడిపిన తీరు వల్ల పాడైనవే ఎక్కువ. అందుకే మొదటి ఉత్తరానికి కాస్త పెద్ద జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: నేను డిగ్రీ విద్యార్థిని. దాచుకున్న డబ్బుతో 46 సైజు (0.46 ఘనపు అంగుళాల) ఏబీసీ ఇంజిన్ ఒకటి కొన్నాను. ప్రొపెల్లర్‌ను చేత్తో తిప్పితే పిస్టన్ పైకి వచ్చేసరికి బిగుసుకుపోయి కిర్రుమంటోంది. లేత్ షాపులో చూపిస్తే గ్రైండింగ్ పేస్టు వేసి ఫ్రీ చేస్తామన్నారు. అమ్మినాయన మాత్రం పది ట్యాంకుల ఇంధనం బాగా రిచ్‌గా (గాలి కన్నా ఇంధనం పాలు ఎక్కువ చేసి), నెమ్మదిగా తాగించమన్నారు. ఏది చేయమంటారు?
– ఒక విద్యార్థి, కర్నూలు

జవాబు: రెండూ వద్దు. లోపమని మీరు భయపడుతున్న ఆ బిగువే మీ ఇంజిన్‌కు ప్రాణం. ఏబీసీ అంటే అల్యూమినియం పిస్టన్, ఇత్తడి లైనర్, లైనర్ లోపల క్రోమియం పూత. కొన్ని చవక ఇంజిన్లలో క్రోమియం బదులు నికెల్ పూత ఉంటుంది, నడిపే పద్ధతి మాత్రం ఒకటే. ఈ రకంలో పిస్టన్ చుట్టూ సందు మూసే రింగు ఉండదు కాబట్టి రింగు చేయవలసిన పనిని లైనర్ ఆకారమే చేస్తుంది. దాని లోపలి వ్యాసం అడుగున కాస్త వదులుగా, పైన వెంట్రుకవాసి ఇరుకుగా ఉంటుంది. ఇంజిన్ నడిచేటప్పుడు మంట పుట్టేది పైభాగంలోనే కనుక అక్కడి ఇత్తడి ఎక్కువ వేడెక్కి, ఎక్కువ వ్యాకోచించి, చల్లగా ఉన్నప్పుడు ఇరుకుగా ఉన్న చోటు పిస్టన్‌కు సరిగ్గా సరిపోయేంత తెరుచుకుంటుంది. పేస్టు వేసి ఆ ఇరుకును అరగదీస్తే చేతికి హాయిగా తిరుగుతుంది గాని, వేడెక్కగానే కంప్రెషన్ పోతుంది. పైగా పేస్టులోని గరుకు పొడి మెత్తని పిస్టన్‌లో ఇరుక్కుని, ఆపైన నడిపిన ప్రతిసారీ లైనర్‌ను గీస్తూనే ఉంటుంది.

అమ్మినాయన సలహా రింగు ఉన్న ఇంజిన్లకు సరైనదే. ఏబీసీకి మాత్రం చెరుపు చేస్తుంది. ఇంధనం మరీ ఎక్కువగా పోసి నెమ్మదిగా నడిపితే లైనర్ వేడెక్కదు, పై ఇరుకు తెరుచుకోదు, పిస్టన్ నిమిషానికి వేలసార్లు ఆ ఇరుకులోకి దూరి బయటికి వస్తూ అరుగుతుంది. ఆ బరువంతా కనెక్టింగ్ రాడ్ మీద పడుతుంది. కాబట్టి ఏబీసీని రిచ్‌గానే నడపాలి గాని చల్లగా నడపకూడదు, తక్కువసేపు నడపాలి గాని నెమ్మదిగా నడపకూడదు. ఈ తేడా పట్టుబడితే మిగిలినదంతా సులువు.

పెట్టెలోంచి తీసిన ఇంజిన్‌ను వెంటనే స్టార్ట్ చేయకండి. చవక ఇంజిన్‌లో కంపెనీ ఆదా చేసేది ఎక్కువగా చివరి శుభ్రత, చివరి బిగింపుల దగ్గరే. వెనక మూత విప్పి, వెలుతురులో క్రాంక్ గదిలోకి చూడండి. సన్నని లోహపు రజను మెరుస్తూ కనిపిస్తే మిథనాల్‌తోనో, శుభ్రమైన కిరోసిన్‌తోనో రెండు మూడు సార్లు కడిగి, ఆరాక లోపల నాలుగు చుక్కల నూనె వేయండి. తల (సిలిండర్ పై మూత) బోల్టులను ఒక్కొక్కటిగా వరుసలో కాకుండా ఎదురెదురు జంటలుగా, కొద్దికొద్దిగా బిగించండి. ఆ తరువాత కార్బురేటర్ మెడ దగ్గరి రబ్బరు రింగును తప్పక చూడండి. నేను కొన్న ఒక చవక ఇంజిన్‌లో ఆ రింగు ఒకచోట నొక్కుకుపోయి తెగి ఉంది. ఆ సంగతి తెలియక వరుసగా మూడు ఆదివారాలు నీడిల్ (ఇంధనాన్ని హెచ్చుతగ్గులు చేసే సూది మర) తిప్పుతూ కూర్చున్నాను. ఒకసారి బాగా పలికేది, మరుసటి నిమిషం దానంతటదే లీన్ అయి (ఇంధనం పాలు తగ్గి) ఆగిపోయేది. చివరికి నడుస్తున్న ఇంజిన్ మెడ మీద వెనక వైపు నుంచి ఒక నూనె చుక్క వేస్తే అది కళ్ల ముందే లోపలికి పీల్చుకుపోయింది, ఇంజిన్ శబ్దం మారింది. దొంగగాలి దూరే దారి అదేనని అప్పుడు తెలిసింది. కొత్త రింగు వేశాక ఆ ఇంజిన్ మళ్లీ ఆ ఇబ్బంది పెట్టలేదు.

ఇంజిన్‌ను విమానానికి బిగించి కాకుండా బల్లకు బోల్టులతో బిగించి నడపండి. ట్యాంకు మధ్యగీత నీడిల్ ఎత్తుకు సమానంగా గాని, అంతకు సెంటీమీటరు లోపు కిందుగా గాని ఉండాలి. ఈ సైజుకు తొలి పరుగులలో 10 అంగుళాల వ్యాసం, 6 అంగుళాల పిచ్ (ఒక చుట్టుకు ముందుకు సాగే దూరం) ఉన్న ప్రొపెల్లర్ బాగుంటుంది, ఎందుకంటే బరువు తక్కువై ఇంజిన్ తొందరగా వేగం అందుకుని వేడెక్కుతుంది. మన నల్లరేగడి దుమ్ము కార్బురేటర్‌లోకి వెళ్తే గ్రైండింగ్ పేస్టు పనే చేస్తుంది. కాబట్టి బల్ల చుట్టూ నేలను నీళ్లతో బాగా తడపండి. తొలిసారి స్టార్ట్ చేసే ముందు తలను హెయిర్ డ్రైయర్‌తో వేడి చేయడం మంచి అలవాటు. ఏప్రిల్, మే నెలల్లో మన కర్నూలులో ఆ పరికరం కూడా అక్కరలేదు, కార్బురేటర్ నోటికి గుడ్డ చుట్టి పావుగంట ఎండలో పెడితే చాలు.

నీడిల్‌ను పూర్తిగా మూసి, అక్కడి నుంచి రెండున్నర చుట్లు తెరిచి స్టార్ట్ చేయండి. అరనిమిషం ఆగి థ్రాటిల్ పూర్తిగా తెరవండి. ఇక్కడ చెవి పెట్టి వినాలి. ఇంధనం ఎక్కువగా ఉన్నప్పుడు ఇంజిన్ గడగడమని తడితడిగా, ఒక చుట్టు విడిచి ఒక చుట్టు మండుతున్నట్టు పలుకుతుంది, దాన్ని ఫోర్ స్ట్రోకింగ్ అంటారు. నీడిల్‌ను ఒక్కో క్లిక్కు మూస్తూ పోతే ఒకచోట ఆ గడగడ ఆగి, సన్నగా, గట్టిగా, ఒకే ధారగా జుయ్‌మంటుంది. అది టూ స్ట్రోకింగ్. ఈ రెండింటి గడప మీద, గడగడకూ జుయ్యికీ మధ్య మాటిమాటికీ మారుతూ ఉండేచోట నీడిల్‌ను నిలపండి. రెండు నిమిషాలు నడిపి, ఇంధనపు ట్యూబును వేళ్లతో నొక్కి ఆపండి. తల మీద అరచేయి ఆనించి హాయిగా ఉంచగలిగేంత చల్లారాకే మళ్లీ నడపండి. వేడెక్కడం, పూర్తిగా చల్లారడం అన్న ఆ చక్రమే లోహాన్ని కుదుట పరుస్తుంది. ఏకబిగిన ఇరవై నిమిషాలు నడపడం దానికి బదులు కాదు.

నాలుగైదు పరుగుల తరువాత, నడిచేటప్పుడు ట్యూబును ఒక క్షణం నొక్కి వదులుతూ ఐదు పది సెకన్ల పాటు పూర్తి టూ స్ట్రోకింగ్‌లోకి తెచ్చి, మళ్లీ రిచ్‌కు వదలండి. సైలెన్సర్‌లోంచి కారే నూనె మొదట్లో బూడిద రంగులో, నల్లగా ఉంటుంది. అది పిస్టన్, లైనర్ ఒకదానికొకటి సర్దుకునేటప్పుడు రాలిన లోహం. పరుగు పరుగుకూ ఆ రంగు తేలిక అవుతుంటే పని సవ్యంగా సాగుతున్నట్టు. మొత్తం నడక అరగంట దాటాక నీడిల్‌ను గరిష్ఠ వేగం దాకా మూసి అరనిమిషం ఉంచి చూడండి. వేగం నిలకడగా ఉంటే ఇంజిన్ సిద్ధమైనట్టు. కుంగుతుంటే వెంటనే తెరిచి, మరో రెండు ట్యాంకులు పాత పద్ధతిలోనే నడపండి. సిద్ధమయ్యాక కూడా కిర్రు పూర్తిగా పోదు, పోకూడదు కూడా.

ప్రశ్న: మా ఊళ్లో గానుగ ఆముదం దొరుకుతుంది. ఇంజిన్ ఇంధనంలో అదే కలపవచ్చా? ఎంత కలపాలి? నైట్రోమీథేన్ మాకు దొరకడం లేదు, అది లేకుండా కుదురుతుందా? ఖర్చు తగ్గుతుందని ఒక మిత్రుడు పెట్రోలు పోసి చూడమంటున్నాడు.
– ఒక ఉపాధ్యాయుడు, ఆదోని

జవాబు: ఆముదం పండే నేల మీద ఉండి ఈ ప్రశ్న అడిగినందుకు నాకు నిజంగా సంతోషంగా ఉంది. ప్రపంచమంతటా చాలా గ్లో ఇంజిన్ల ఇంధనంలో ఆముదానికి చోటు ఉండటానికి రెండు కారణాలున్నాయి. వేరుశనగ, నువ్వు, పొద్దుతిరుగుడు నూనెలు మిథనాల్‌లో కలవవు. ఆముదం ఒక్కటే నీళ్లలో బెల్లంలా పూర్తిగా కరిగిపోతుంది. ఇక ఇంజిన్ హద్దు మీరి వేడెక్కినప్పుడు చాలా సింథటిక్ నూనెలు మండిపోయి లోహాన్ని ఒంటరిగా వదిలేస్తే, ఆముదం చిక్కబడి పొరగా అతుక్కుని దాన్ని కాపాడుతుంది. బాల్ బేరింగు లేకుండా బుష్ మీద తిరిగే చవక ఇంజిన్లకు ఈ కాపుదల మరీ అవసరం.

అయితే ఇళ్లలో గింజలు వేయించి, దంచి, నీళ్లలో కాచి తీసిన ఆముదం పనికిరాదు. అందులో నీటి తేమ, జిగురు మిగిలి ఉంటాయి. గానుగలో నేరుగా ఆడించిన నూనెలోనూ సన్నని పిప్పి, జిగురు ఉంటాయి. నీడిల్ దగ్గరి రంధ్రం సూదిమొన అంత సన్ననిది కాబట్టి ఒక్క నలుసు చాలు, ఇంజిన్ ఉన్నట్టుండి లీన్ అవుతుంది. మందుల గ్రేడు ఆముదం, సీసా మీద ఐపీ (ఇండియన్ ఫార్మకోపియా) అని రాసి ఉండేది, కొనడమే నా సలహా. ఏ నూనె కొన్నా ముందు ఒక పరీక్ష చేయండి. మూత ఉన్న చిన్న గాజు సీసాలో ఒక వంతు నూనె, నాలుగు వంతుల మిథనాల్ పోసి బాగా కుదిపి, గంటసేపు కదపకుండా ఉంచి, వెలుతురుకు ఎత్తి చూడండి. లేత పసుపు రంగులో తేటగా ఉంటే మంచిది. పాలలా తెల్లబడినా, అడుగున పొరగా విడిపోయినా నూనెలో మరో నూనె కలిసిందని గాని, మిథనాల్‌లో నీళ్లు కలిశాయని గాని అర్థం, దాన్ని ఇంజిన్‌కు పోయవద్దు.

లీటరు ఇంధనానికి 800 మిల్లీలీటర్ల మిథనాల్, 200 మిల్లీలీటర్ల ఆముదం పోస్తే చాలు. ఏళ్ల తరబడి పోటీలలో కూడా వాడిన నిష్పత్తి ఇది. తొలి గంటలో నూనెను మరో రెండు శాతం పెంచినా నష్టం లేదు. నైట్రో లేకపోతే దిగులు పడకండి. అది ఉంటే తక్కువ వేగంలో నడక నిలకడగా ఉంటుంది, బలం కొంత పెరుగుతుంది, అంతే. లేనప్పుడు కాస్త వేడి రకం గ్లో ప్లగ్ వాడండి. ఎప్పుడైనా నైట్రో కలిసిన ఇంధనానికి మారితే నీడిల్‌ను మరికొంత తెరవాలని మాత్రం గుర్తుంచుకోండి.

మీ మిత్రుడి మాట వినకండి. గ్లో ప్లగ్‌లోని ప్లాటినం తీగ, స్టార్ట్ చేయడానికి పెట్టిన బ్యాటరీ తీసేశాక కూడా ఎర్రగా ఉండటానికి కారణం మిథనాల్ ఆవిరి ఆ ప్లాటినం మీద జరిపే రసాయన చర్య. పెట్రోలుకు అది చేతకాదు, పైగా పెట్రోలు తగిలితే సిలికాన్ ట్యూబు ఉబ్బిపోతుంది.

ఉపాధ్యాయులు కనుక పిల్లలు మీ చుట్టూ ఉంటారు, అందుకని ఇంకొక్క మాట. మిథనాల్ విషం. కొద్ది మోతాదు కడుపులోకి వెళ్లినా చూపు పోతుంది, ప్రాణమూ పోవచ్చు, చర్మం గుండా కూడా ఒంట్లోకి ఇంకుతుంది. ట్యూబును నోటితో పీల్చి ఇంధనం తీయడం ఎవరు చేస్తున్నా అక్కడికక్కడే ఆపండి. లైసెన్సు ఉన్న రసాయనాల దుకాణంలోనే బిల్లుతో కొని, డబ్బా మీద పెద్ద అక్షరాలతో విషమని రాసి, తాళం వేసి ఉంచండి. దాని మంట పగటి వెలుతురులో కనబడదు. అదృష్టవశాత్తూ అది నీళ్లలో కలిసిపోతుంది కనుక ధారాళంగా నీళ్లు పోస్తే ఆరుతుంది. ఒక బకెట్ నీళ్లు, తడిపిన గోనెపట్టా దగ్గర లేకుండా ఇంజిన్ స్టార్ట్ చేయవద్దు.

ప్రశ్న: ఫిబ్రవరిలో ఒకరోజు మధ్యాహ్నం నేల మీద అద్భుతంగా ట్యూన్ చేసి పెట్టుకున్నాను. మర్నాడు తెల్లవారి అదే నీడిల్‌తో ఎగరేస్తే పైకి ఎక్కేటప్పుడు శబ్దం సన్నబడి గాలిలోనే ఆగిపోయింది. ఏమీ ముట్టుకోలేదు. ఎందుకిలా జరిగింది?
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: మీరు ముట్టుకోలేదు గాని, రాత్రికి రాత్రి గాలి మారింది. మధ్యాహ్నం 35 డిగ్రీలు, తెల్లవారి 18 డిగ్రీలు అనుకుంటే, చల్లని గాలి సుమారు 6 శాతం చిక్కగా ఉంటుంది. గాలి చిక్కబడితే నిన్న సరిపోయిన ఇంధనం ఈ రోజు చాలదు, మిశ్రమం లీన్ అవుతుంది. నీడిల్‌ను రెండు మూడు క్లిక్కులు తెరిచి ఉంటే సరిపోయేది. పొద్దెక్కి వేడి పెరిగే కొద్దీ మిశ్రమం రిచ్ అవుతుంది గాని, మండే ఎండలో గాలి చల్లార్చే శక్తి కూడా తగ్గుతుంది. కాబట్టి మే నెల మధ్యాహ్నాలలో ఆశపడి నీడిల్ మూయకండి.

గాలి ఒక్కటే కారణం కాదు. మీరు అద్భుతమని రాసిన ఆ ట్యూనింగ్ బహుశా గరిష్ఠ వేగం దగ్గరే ఉండి ఉంటుంది. నేల మీద గరిష్ఠానికి తెచ్చిన ఇంజిన్ గాలిలో తప్పకుండా లీన్ అవుతుంది, ఎందుకంటే విమానం ముందుకు దూసుకుపోయేటప్పుడు ప్రొపెల్లర్ మీద బరువు తగ్గి వేగం ఇంకా పెరుగుతుంది, ముక్కు పైకెత్తి ఎక్కేటప్పుడు ట్యాంకు కార్బురేటర్ కన్నా కిందికి వస్తుంది, ట్యాంకు ఖాళీ అయ్యే కొద్దీ ఇంధనపు మట్టం కూడా పడిపోతుంది. ఈ మూడు నష్టాలకూ ముందుగానే చోటు ఉంచాలి. గరిష్ఠ వేగం కనుక్కుని, అక్కడి నుంచి నిమిషానికి 300 చుట్లు తగ్గేదాకా నీడిల్ తెరవండి. కొలిచే పరికరం లేకపోతే, పూర్తి థ్రాటిల్‌లో ట్యూబును క్షణంపాటు నొక్కి వదలండి. వేగం కొద్దిగా పెరిగి మళ్లీ యథాస్థానానికి వస్తే సరిగా ఉన్నట్టు, పెరగకుండా వెంటనే కుంగితే లీన్. ఆ తరువాత ఒకరి సాయంతో విమానాన్ని గట్టిగా పట్టుకుని ముక్కును ఆకాశం వైపు ఎత్తి పది సెకన్లు ఉంచండి. శబ్దం ఇంకాస్త పదునెక్కాలి గాని కుంగకూడదు. నూనెలో పోపు వేసినట్టు చిటపటలు వినిపిస్తే ఆ క్షణమే ఆపివేయండి. అది లీన్ మిశ్రమం వేళ కాని వేళ మండే చప్పుడు, దాన్ని నిమిషం సేపు సహించినా పిస్టన్ చెడుతుంది.

ప్రశ్న: ఇంజిన్ నెమ్మదిగా చక్కగా తిరుగుతుంది. థ్రాటిల్ ఒక్కసారి తెరిస్తే టక్కున ఆగిపోతుంది. నెమ్మది నడకలో మిశ్రమాన్ని సరిచేసే చిన్న స్క్రూను లోపలికి తిప్పితే రిచ్ అవుతుందని ఒకరు, లీన్ అవుతుందని మరొకరు చెబుతున్నారు.
– ఒక మెకానిక్, ప్రొద్దుటూరు

జవాబు: ఇద్దరూ నిజమే చెబుతున్నారు, వారి కార్బురేటర్లు వేరు. కార్బురేటర్ ముందు భాగంలో ఒక చిన్న గాలి రంధ్రం ఉండి, ఆ స్క్రూ దానికి అడ్డం వస్తుంటే మీది ఎయిర్ బ్లీడ్ రకం. అందులో స్క్రూ లోపలికి పోతే గాలి తగ్గుతుంది, మిశ్రమం రిచ్ అవుతుంది. ఆ రంధ్రం లేకుండా స్క్రూ థ్రాటిల్‌తో పాటు తిరిగే గొట్టం మధ్యలో ఉంటే అది రెండు నీడిళ్ల రకం. అందులో లోపలికి తిప్పితే ఇంధనమే తగ్గి లీన్ అవుతుంది.

చిన్న స్క్రూ జోలికి పోయే ముందు పెద్ద నీడిల్ సరిగా ఉండాలి, ఎందుకంటే అది మారితే ఇదీ మారుతుంది. తరువాత ఇంజిన్‌ను అరనిమిషం నెమ్మదిగా తిరగనిచ్చి థ్రాటిల్ తెరవండి. మీరు రాసినట్టు టక్కున, పొగ లేకుండా ఆగితే తక్కువ వేగంలో మిశ్రమం లీన్. గుడగుడలాడి, పొగ కక్కి, తడబడుతూ అందుకుంటే రిచ్. నెమ్మదిగా తిరిగేటప్పుడు ట్యూబును నొక్కి పట్టుకుని చూసినా తెలుస్తుంది. కొద్దిగా వేగం పెరిగి మూడు నాలుగు సెకన్లలో ఆగితే బాగున్నట్టు. ఒకేసారి ఎనిమిదో వంతు చుట్టుకు మించి తిప్పకండి. బ్యాటరీ తీయగానే వేగం పడిపోతుంటే ఏ స్క్రూనూ ముట్టుకోకుండా ముందు గ్లో ప్లగ్ మార్చి చూడండి. మెరుపు పోయి, బూడిద రంగుకు మారి, గరుకుగా కనిపించే తీగ తన పని ముగించినట్టే.

సర్దుబాట్లన్నీ ప్రొపెల్లర్ వెనక వైపు నుంచే చేయండి. మెకానిక్ చేతికి అలవాటు ఎక్కువ, ఆ అలవాటే ప్రమాదం. ముందు నుంచి చెయ్యి చాచి నీడిల్ తిప్పబోయి వేళ్లకు కుట్లు వేయించుకున్నవారిని నేను ఎరుగుదును.

ప్రశ్న: పరీక్షల కారణంగా నాలుగు నెలలు ఎగరేయడం కుదరదు. ఇంజిన్‌ను ఎలా దాచాలి? పోయినసారి ఇలాగే పెడితే బిగుసుకుపోయింది.
– ఒక ఎన్‌సీసీ క్యాడెట్, కడప

జవాబు: పోయినసారి బిగుసుకున్నది ఎండిన ఆముదం వల్ల అయి ఉంటుంది. బలవంతంగా తిప్పకుండా తలను వేడి చేసి, ప్లగ్ రంధ్రంలో కాస్త మిథనాల్ పోసి నానబెడితే వదులుతుంది. అసలు నష్టం బేరింగులకు జరుగుతుంది. లోపల మిగిలిన మిథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, నైట్రో ఉంటే దాని మంటలో పుట్టిన ఆమ్లం తోడవుతుంది, వానాకాలం గడిచేసరికి ఉక్కు గుండ్ల మీద ఎర్రని తుప్పు చుక్కలు పడతాయి.

చివరి పరుగు ముగించేటప్పుడు థ్రాటిల్‌తో ఆపకుండా, ట్యూబును ఊడదీసి లోపల మిగిలిన ఇంధనం మండిపోయేదాకా నడవనివ్వండి. బ్యాటరీ పెట్టి మరోసారి స్టార్ట్ చేసి ఆ మిగులు కూడా పోగొట్టండి. ప్లగ్ విప్పి ఆ రంధ్రంలోనూ, కార్బురేటర్ నోట్లోనూ ఐదారు చుక్కల చొప్పున పలుచని మెషీన్ నూనె వేసి, ప్రొపెల్లర్‌ను చేత్తో పది చుట్లు తిప్పండి. పిస్టన్‌ను పై ఇరుకులో కాకుండా కిందికి దించి ఆపండి, మెత్తని గుడ్డ చుట్టి సంచిలో మూతి కట్టి పెట్టండి. ట్యాంకును ఖాళీ చేయండి. డబ్బాలో మిగిలిన ఇంధనాన్ని నిండుగా ఉండే చిన్న డబ్బాలోకి మార్చి, మూత బిగించి నీడలో ఉంచండి. సగం ఖాళీ డబ్బాలోని గాలి తేమతో మిథనాల్ చెడుతుంది.

పరీక్షలయ్యాక మళ్లీ తీసినప్పుడు స్టార్టర్ పెట్టే ముందు ప్లగ్ విప్పి, చేత్తో తిప్పి, లోపలి నూనెను బయటికి పోనివ్వండి. సిలిండర్‌లో ద్రవం నిండి ఉండగా ఎలక్ట్రిక్ స్టార్టర్ తిప్పితే, ద్రవం అణగదు కనుక కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది.